పొట్టి జీపు వాసుదేవరావు

బర్మాలోని ఇన్సేన్‌లో ఎవరినైనా ఆపి వాసుదేవరావు ఇల్లెక్కడని అడిగితే ముందు ఒక నవ్వు నవ్వుతారు, తర్వాత వేలు చూపిస్తారు. తెలుగువాళ్లయితే "పొట్టి జీపాయనేనా?" అంటారు. బర్మావాళ్లు మర్యాదగా "ఊ వాసు" అంటారు గానీ నవ్వు మాత్రం అదే. ఆ నవ్వెందుకో ఆయన భార్య సూర్యావతికి పెళ్లయిన కొత్తలోనే అర్థమైంది. ఆయనకి ఇప్పటికీ కాలేదు.

ఆయన తాత గంజాం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టాడు. తండ్రి అక్కడే ఫిట్టరు. వాసుదేవరావు మాత్రం ఏ పనిముట్టూ చేత పట్టకుండా అన్ని పనిముట్ల గురించీ మాట్లాడడం నేర్చుకున్నాడు. సంచౌంగ్‌లో పాత జపాను కార్ల విడిభాగాల కొట్టు పెట్టి, బోల్టు కొనడానికి వచ్చినవాడికి బోల్టుతోపాటు ఒక ఉపన్యాసం కూడా పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఒకసారి ఆ కొట్టు యజమాని వచ్చి, ముందు సగం తమలపాకుల బడ్డీకి ఇస్తున్నానన్నాడు. ఆ పూట వాసుదేవరావు ఇంటికొచ్చి అద్దె చట్టమంతా సూర్యావతికి అప్పజెప్పాడు. యజమాని చేస్తున్నది ఎన్ని విధాల తప్పో వేళ్లు మడిచి చెప్పాడు. మర్నాడు యజమాని ఎదురుపడితే, "మంచిదండీ, కొట్టుకి కాస్త సందడి వస్తుంది," అన్నాడు. అప్పటినుంచి కొనేవాళ్లు తమలపాకుల బడ్డీ పక్కనుంచి ఒరుసుకుంటూ లోపలికి దూరుతున్నారు.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని సామెత. వాసుదేవరావుని అంత తక్కువ చేయకూడదు. ఆయన వీధిలోనూ పులే, టీకొట్టులో అయితే రెండు పులుల పెట్టు. తనకంటే ఒక మెట్టు పైనున్నవాడు ఎదురైతేనే పిల్లి.

ఆ జీపు ఆయనకి కొడుకులాంటిది. రెండే తలుపులు, పాతది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఎంత తక్కువ దూరమంటే, గుంతలో పడితే నాలుగూ కలిసే పడేవి. దానికి తోడు ఒక ట్రైలరు కొన్నాడు. సెల్‌ఫోను టవర్లు కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు దేశంలో గొడవలు మొదలవగానే వెళ్లిపోతూ, తాము కాపురమున్న ఆ చక్రాల ఇంటిని ఒక పాత సామాన్ల పెరట్లో వదిలేశారు. మంచం, వంటగట్టు, ముందువైపు పెద్ద అద్దం, అన్నీ ఉన్నాయి. లోపల కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. పొడవు జీపుకి రెండింతల పైనే. దాన్ని ఇంటి ముందుకి తెచ్చి నిలబెట్టిన రోజు సూర్యావతి గుమ్మంలోంచి చూసి, "ఎలక్కి ఏనుగుని కట్టేరేటండీ?" అంది.

ఉన్నమాట చెప్పుకోవాలి: నేర్చుకోవడంలో ఆయన లోపం చేయలేదు. కరెంటున్న కాసేపూ ఫోనుకి ఛార్జింగు పెట్టుకోవడం, పోయాక ఎక్కడెక్కడివాళ్లో బళ్లు లాగే వీడియోలు చూడడం. జీపు చట్రానికి గట్టి కొక్కెం వెల్డింగు చేయించాడు. గొలుసులు వేయించాడు. ట్రైలరు తోక ఊగకుండా మధ్యలో ఒక ఇనపకడ్డీ పెట్టించాడు. ట్రైలరు చక్రాల బ్రేకులకి వేరే తీగ లాగించి, దాని మీటని జీపులో రెండు సీట్ల మధ్య బిగించాడు. పనంతా మెకానిక్కుది, మాటంతా ఈయనది.

ఇక టీకొట్టులో ఎవరికీ టీ చల్లారకుండా తాగే భాగ్యం లేకుండా పోయింది.

"తోపుడుబండి సూసేరా?" అనేవాడు. "బరువు ఎనకాల ఏస్తే ఏటవుతాది? సేతికర్రలు గాల్లోకి లేస్తాయి. ఇదీ అంతే. బరువు సక్రాలకి ముందుండాల, కొక్కెం మీద పడాల. ఎనక్కి పోయిందా, తోక ఊగుతాది. పొడుగు జీపైతే తట్టుకుంటాది. పొట్టి జీపుని అది ఎత్తి పారేస్తాది."

ఎవరో ఒకరు పాపానికి, "ఊగితే మరేటి సెయ్యాల?" అని అడిగేవారు.

"బ్రేకు తొక్కినోడు ఎదవ! కాలు తీసేయాల. స్టీరింగు తిన్నగా పట్టుకోవాల. ట్రైలరు బ్రేకు మీట ఒక్కటీ నొక్కాల. ఇంకో మాట. ట్రైలర్లో మనుసుల్ని ఎక్కించినోడు మనిసే కాదు."

ఈ పాఠం సూర్యావతి అన్నం వడ్డిస్తూ విన్నది, బట్టలు ఆరేస్తూ విన్నది, జ్వరంతో పడుకుని కూడా విన్నది. వినీ వినీ ఆమెకి అది హారతి పాటలాగ నోటికొచ్చేసింది.

ఇన్సేన్‌లో మన గంజాంవాళ్ల నూకాలమ్మ గుడి ఉంది. మూడేళ్లకోసారి అమ్మవారు ట్వంటే దగ్గర మన రైతులుండే ఊరికి జాతరకి వెళుతుంది. ఇదివరకు కాలవ మీద పడవలో వెళ్లేది. పడవవాడు బర్మావాడు, భక్తుడే, కానీ ఖండితంగా మాట్లాడేవాడు. పడవ నిండిందనిపిస్తే "ఇంకొకరు ఎక్కితే కదలను" అని తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి గుడి పెద్ద అచ్చయ్యనే దింపేశాడు. ఆ కథ చెప్పుకుని వాసుదేవరావు తల్లి రాజ్యం ఇప్పటికీ కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వుతుంది.

ఈసారి కాలవ మీద తనిఖీలు ఎక్కువయ్యాయి, అంత సరుకుతో పడవని పోనిస్తారో లేదో తేలలేదు. గుడిలో సమావేశం పెడితే వాసుదేవరావు లేచి నిలబడి, "మన ట్రైలరు ఉంది గదా," అన్నాడు. అచ్చయ్య ఆ మాటని మైకులో చెప్పాడు. తన పేరు మైకులో మోగడం వాసుదేవరావు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ వారమంతా నేలమీద నడవలేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. అచ్చయ్య పూజారి కూడా కాదు, గుడికి పెద్ద. బియ్యం ఎక్కడ దించాలో, డప్పులవాళ్లు ఎప్పుడు ఆపాలో, ఎవరి పేరు మైకులో రావాలో అన్నీ ఆయన చేతిలోవే. బయలుదేరే రోజు పొద్దున్నే ట్రైలరెక్కి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"అమ్మవారిని మద్దిలో నిలబెట్టండి. మొహం ముందుకి. ఆ అద్దంలోంచి దారి సూస్తాది," అన్నాడు. "అమ్మ ముందు ఏటీ ఉండకూడదు. గుడిలో లాగే కాళీ ఉండాల. ముగ్గెయ్యండి, దీపం పెట్టండి. మిగతా సరుకంతా ఎనక్కి."

మన ఆచారం అదే. అమ్మవారి చూపుకి ఏదీ అడ్డు పెట్టకూడదు. గుడిలో ఉన్నంతకాలం అందులో ఏ చిక్కూ లేదు, ఎందుకంటే గుడిని ఎవరూ జీపుకి కట్టి లాగరు. బియ్యం బస్తాలు, గుండిగలు, గ్యాసు పొయ్యి, జనరేటరు, అరటి గెలలు, అన్నీ ట్రైలరు వెనక భాగంలోకి వెళ్లాయి. ముందు సగం ఖాళీ. అందులో ఒక ముగ్గు, ఒక దీపం. సూర్యావతి చూస్తుండగానే జీపు వెనకభాగం కొంచెం పైకి లేచింది.

ఆమె భర్త పక్కకి వెళ్లింది. "ఏటండీ, బరువంతా ఎనక్కే పోతన్నాది. సెప్పరేటి?"

"సెప్తానులే."

"ఎప్పుడు?"

"ఆయన కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు."

అచ్చయ్య తీరిగ్గానే కుర్చీలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతున్నాడు. వాసుదేవరావు వెళ్లి గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఆ బియ్యం బస్తాలు..."

"ఏటి బస్తాలు?"

"బస్తాలు... మూతులు గట్టిగా కుట్టించేరా అని."

"కుట్టించేం."

"అదే, అదే," అని తిరిగొచ్చాడు, ఏదో గెలిచినవాడిలాగ.

ఇంతలో ఇంకోటి వచ్చి పడింది. అమ్మవారి ఘటం, అంటే పసుపునీళ్లూ వేపమండలూ ఉన్న ఇత్తడి బిందె, ఊరు చేరేదాకా నేల తాకకూడదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునే హక్కు వాసుదేవరావు ఇంటి పెద్దకోడలిది. తన అత్తగారు పోయిన దగ్గర్నుంచి రాజ్యమే పట్టుకుంటోంది. డెబ్బై దాటినా ఇంకొకరికి ఇవ్వదు.

"రాజ్యం వదిన గటం పట్టుకుని ట్రైలర్లో అమ్మవారి ఎనకాల కూకుంటాది," అన్నాడు అచ్చయ్య.

అప్పుడు సూర్యావతి ఆగలేకపోయింది. "మామయ్యా, ట్రైలర్లో మనుసులు ఉండకూడదంట. బరువు కూడా ముందుండాలంట."

అచ్చయ్య ఆమె వైపు చూడనైనా చూడలేదు. "విగ్రహం కర్రే. అమ్మ పానం గటంలో ఉంటాది. గటం లేకుండా ఉత్త కర్రని పంపుతామేటి?" అని వాసుదేవరావు వైపు తిరిగాడు. "ఏరా వాసుదేవరావూ, మీ ఆవిడేదో అంటన్నాది. బండి నీది. ఇబ్బందేటైనా ఉంటే నువ్వు సెప్పు."

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. ఆ శంఖం తెల్లచొక్కా వేసుకుని ఎదురుగానే నిలబడి ఉంది. అడగనే అడిగాడు గదా, అంతకంటే ఏం కావాలి? ఒక్క మాట. టీకొట్టులో వందసార్లు చెప్పిన మాట.

"ఏటీ లేదు బాబూ. ఆడోళ్లకి బయం," అన్నాడు వాసుదేవరావు.

సూర్యావతికి ఒళ్లు మండిపోయింది. తెలియనివాడి మీద కోపం వస్తే కాసేపటికి పోతుంది. తెలిసి నోరు మూసుకున్నవాడి మీద వచ్చిన కోపం ఎక్కడికీ పోదు. అత్తగారి దగ్గరికి వెళ్లి, "అత్తా, నువ్వు అందులో ఎక్కకు," అంది.

రాజ్యం కొంగు బిగిస్తూ నవ్వింది. "నా కొడుకు నడుపుతాడు గదే, బయమేటి? బాగులేకపోతే ఆడే సెప్తాడు."

ఆ మాట వాసుదేవరావు చెవిన పడింది. ఆయన టైర్లలో గాలి చూస్తున్నట్టు కిందికి వంగాడు.

ఊళ్లో ఏమీ కాలేదు. రద్దీలో జీపు నడక నడిచినట్టే పోయింది. వెనక లైన్‌కారులో, అంటే రెండువైపులా బల్లలేసిన ఆ ట్రక్కులో, అచ్చయ్యా కమిటీవాళ్లూ డప్పులతో వస్తున్నారు. వాసుదేవరావుకి ధైర్యం వచ్చింది. "సూసేవా? ఊరికే కంగారు," అన్నాడు పక్క సీట్లో ఉన్న భార్యతో. హ్లాయింగ్ నది మీద ఆంగ్‌జేయ వంతెన ఎక్కుతున్నప్పుడు కూడా బాగానే ఉంది. దిగేటప్పుడే వచ్చింది తంటా. వాలులో వేగం పెరిగింది. పక్కనుంచి ఒక పెద్ద బస్సు గాలి చిమ్ముకుంటూ దూసుకుపోయింది. ట్రైలరు తోక ఒకసారి అటు వెళ్లి, ఇటు వచ్చి, ఈసారి ఇంకొంచెం ఎక్కువగా అటు వెళ్లింది. జీపు వెనకభాగాన్ని ఎవరో పట్టుకుని పక్కకి ఈడుస్తున్నట్టయింది. అద్దంలో ట్రైలరు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనబడుతోంది. అందులో అత్తగారు ఉంది.

వాసుదేవరావు బ్రేకు తొక్కాడు.

అవును, తొక్కాడు. చేసినవాడు వెధవ అని తాను చెప్పిన పనే, రెండు కాళ్లతో చేశాడు. స్టీరింగు అటూ ఇటూ తిప్పుతున్నాడు, ఊగు ఇంకా పెరిగింది, కింద నది కనబడుతోంది.

"కాలు తియ్యండి!" అని అరిచింది సూర్యావతి. "తిన్నగా పట్టుకోండి!" అంటూనే సీట్ల మధ్యనున్న మీటని పట్టుకుని శక్తికొద్దీ నొక్కింది. ఆమె ఎప్పుడూ బండి నడపలేదు. పాఠం మాత్రం ఆమెకి నోటికి వచ్చు. వెనక చక్రాలు కీచుమన్నాయి. ట్రైలరు ఒకసారి ఈడ్చి, ఇంకోసారి ఈడ్చి, మొరాయించి, వరసలోకి వచ్చింది. వంతెన దిగి రోడ్డు పక్కన ఆగేసరికి ఆమె చెయ్యి మీట మీంచి రావడం లేదు.

"గాలి," అన్నాడు వాసుదేవరావు చొక్కాతో మొహం తుడుచుకుంటూ. "వంతెన మీద గాలి ఎక్కువ."

సూర్యావతి దిగి పరుగెత్తింది. తలుపు తీస్తే లోపల బియ్యం బస్తా ఒకటి చిరిగి నేలంతా గింజలు. ఒక గుండిగ దొర్లి అమ్మవారి పీట దగ్గర ఆగింది. రాజ్యం గోడకి ఒరిగి నేలమీద కూర్చుని ఉంది. చీరంతా పసుపునీళ్లు, చెంపకి వేపాకులు, నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి. ఘటం మాత్రం రెండు చేతులా కరుచుకుని ఉంది. నేల తాకనివ్వలేదు.

"అత్తా!"

"బతికే ఉన్నానే. అరవకు."

లైన్‌కారు వచ్చి ఆగింది. అచ్చయ్య దిగి లోపలికి తొంగి చూసి, లెంపలేసుకున్నాడు. "ఎవరో మైలతో వచ్చేరు. అమ్మకి కోపం వచ్చింది," అన్నాడు.

"అవును బాబూ," అన్నాడు వాసుదేవరావు. "గాలి కూడా..."

ఇంక సూర్యావతి ఎవరి మొహమూ చూడలేదు. "అమ్మకేటీ కోపం రాలేదు. బరువు ఎనకాలుంది, అందుకు ఊగింది. ఈయనకి తెలుసు. టీకొట్టులో ఊరందరికీ సెప్పేరు. మీకొక్కరికే సెప్పలేదు."

కమిటీవాళ్లు డప్పుల్లోకి చూసుకున్నారు. లోపలినుంచి రాజ్యం మెల్లిగా లేచి, ఘటం నడుముకి ఎత్తుకుని, తలుపు దగ్గరికి వచ్చింది.

"ఒరే వాసూ. నీకు తెలుసా?"

"అంటే... అమ్మా, అది..."

"తెలుసా, తెలదా?"

"తెలుసు."

"తెలిసే నన్ను అందులో కూకోబెట్టేవా?"

వాసుదేవరావు నోరు తెరిచాడు. ఎన్నో వీడియోలు చూసిన మనిషి. గొలుసులూ, కడ్డీలూ, మీటలూ, అన్నిటి గురించీ ఎవరడిగినా గంటసేపు చెప్పగలిగినవాడు. నోరు అలాగే తెరుచుకుని ఉంది గానీ అందులోంచి ఏమీ రాలేదు. ఆ మొహం చూసి ఇంకెవరైనా జాలిపడేవారేమో. సూర్యావతికి జాలి కలగలేదు. ఇన్నాళ్లూ ఆ నోరు ఆగితే బాగుండునని ఎన్నిసార్లు మొక్కుకుందో ఆమెకే తెలుసు. ఈరోజు ఆగింది.

రాజ్యం కోడలి భుజం పట్టుకుని కిందికి దిగింది. "అచ్చయ్యా, అమ్మ పానం గటంలో ఉంటాదన్నావు గదా?"

"ఔను వదినా."

"విగ్రహం ఉత్త కర్రన్నావు."

"అన్నాను."

"ఐతే గటం జీపులో ముందుంటాది. నేను ముందు సీట్లో కూకుంటాను. అమ్మ ముందు రోడ్డు తప్ప ఏటీ ఉండదు. సరుకంతా అమ్మ ఎనకాలే గదా, ట్రైలర్లో ఏ మూల పెడితే ఏటి?"

అచ్చయ్య ఏదో అనబోయాడు. పొద్దున్న అందరి ముందూ అన్నది ఆయన మాటే. ఎటు తిప్పినా అది ఆయనకే వచ్చి తగులుతుంది. "కానీండి," అన్నాడు కమిటీవాళ్లతో.

బస్తాలూ గుండిగలూ జనరేటరూ ముందుకి మోశారు. అమ్మవారి కర్ర విగ్రహం వాటి మధ్య నిలబడింది. జీపు వెనకభాగం కిందికి కూర్చుంది. అప్పుడు, కావలసినవాళ్లు చూసుకోవచ్చు, వాసుదేవరావుకి మాట వచ్చింది. "ఆ బస్తా ఇంకొంచెం ముందుకి. ఊఁ. జనరేటరు మద్దిలో. కడ్డీ సూసేరా? బిగించండి." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు దీన్ని. కాలినవి తల్లి చేతులు, ఆకులు పట్టుకున్నది ఈయన.

సూర్యావతి లైన్‌కారులో డప్పుల మధ్య కూర్చుంది. జీపులో తల్లీకొడుకులిద్దరే. అక్కణ్నుంచి ట్వంటే దాకా ట్రైలరు గీత గీసినట్టు వెళ్లింది. చెక్‌పోస్టులో సైనికులు అద్దంలోంచి చూసి, ఒళ్లో బిందె, నుదుట బొప్పి ఉన్న ముసలమ్మని ఏమీ అడగకుండా పోనిచ్చారు. దారి పొడుగునా రాజ్యం కొడుకుతో ఒక్క ముక్క మాట్లాడలేదని తర్వాత తెలిసింది. "మంచినీళ్లు తాగుతావేటమ్మా?" అని ఆయన అడిగితే కూడా రోడ్డు వైపే చూసిందట.

ఊరి పొలిమేరలోనే డప్పులు మోగాయి. కుండలు కాల్చే బట్టీల దగ్గరనుంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఆడవాళ్లు పసుపునీళ్లు పోసి ఘటాన్ని దించుకున్నారు. మూడేళ్ల తర్వాత వచ్చిన అమ్మవారిని చూసి ముసలివాళ్లు ఏడ్చారు. పందిట్లో అచ్చయ్య మైకు పుచ్చుకున్నాడు. "అమ్మని ఇంత బద్రంగా తీసుకొచ్చింది మన వాసుదేవరావు. ఆయన నేర్పు అలాంటిది!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. మెడలో బంతిపూల దండ వేశారు. ఆ మనిషి, ఆ పొద్దున్న అంత జరిగిన మనిషి, ఆ దండ వేయించుకుని నవ్వాడు. సూర్యావతి తల తిప్పుకుంది.

దండతోనే వచ్చి తల్లి కాళ్లకి మొక్కాడు. రాజ్యం బల్ల మీద కూర్చుని ఉంది, బొప్పి మీద ఎవరో సున్నమూ పసుపూ కలిపి పట్టు వేశారు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు. కొడుకు కొడుకే గదా, తల మీద చెయ్యి పెట్టింది.

"సల్లగుండు," అంది. "తిరిగి ఎల్లేటప్పుడు నేను పడవ మీద ఎల్తానురా."

వాసుదేవరావు తల ఎత్తాడు. "పడవెందుకమ్మా? ఇప్పుడు బరువంతా ముందే ఉంది గదా. బండి ఊగనైనా ఊగలేదు. ఇంక బయమేటి?"

"నీ బండి మంచిదేరా," అంది రాజ్యం. "పడవోడు అచ్చయ్యకి కూడా కాదని సెప్తాడు."

సూర్యావతి లేచి వెళ్లి జీపులోంచి అత్తగారి బట్టల సంచీ, తన సంచీ రెండూ దింపించింది.